యంత్రం రాయనన్నప్పుడు



కంప్యూటర్ తెరమీద "రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్" అనే మాట కనబడగానే మనలో చాలామందికి ఒకటే ఆలోచన వస్తుంది. ఎట్లాగైనా సరే, దీనిచేత మళ్ళీ రాయించాలి. ధర్మవరంలో పట్టుచీర కొంగు డిజైను కంప్యూటర్లో గీసి, జకార్డు అట్టలు కొట్టే చోటికి పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోయేవాళ్ళు ఈ మాట చూసి ఉంటారు. హిందూపురంలో చదువుకుంటూ ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు రెండూ పెట్టుకున్న పిల్లలు చూసి ఉంటారు. పెనుకొండలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసేవాళ్ళు, మా ఆమడగూరులో ఫోన్లు బాగుచేసే కుర్రవాళ్ళు చూసి ఉంటారు. యంత్రం "చదువుకో, కానీ రాయొద్దు" అంటోందంటే దాని వెనక ఒక కారణం ఉంటుంది. ఆ కారణం తెలుసుకోకుండా బలవంతంగా రాయిస్తే నష్టపోయేది యంత్రం కాదు. లోపలున్న ఫోటోలు, డిజైన్లు, లెక్కలు పోతాయి. కొత్త పెన్‌డ్రైవ్ అంగట్లో దొరుకుతుంది, అందులోని ఫోటోలు దొరకవు. అందుకే ఈ విషయం కాస్త వివరంగా మాట్లాడాలనిపించింది.

ముందు మౌంటు అంటే ఏమిటో చూద్దాం.

విండోస్ వాడేవాళ్ళకు సి డ్రైవ్, డి డ్రైవ్ అలవాటు. పెన్‌డ్రైవ్ పెడితే ఇ అనో ఎఫ్ అనో ఇంకో అక్షరం వస్తుంది. యూనిక్స్ దారి అది కాదు. యూనిక్స్‌లో, దాని అడుగుజాడల్లో వచ్చిన లినక్స్‌లో, మాక్‌లో, మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్లో కూడా అన్నిటికీ మొదలు ఒక్కటే. దాన్ని రూట్ అంటారు, ఒక్క స్లాష్ గీతతో రాస్తారు. ఎన్ని డిస్కులున్నా, ఎన్ని కార్డులు పెట్టినా అన్నీ ఆ రూట్ కింద ఎక్కడో ఒకచోట అతుక్కోవాల్సిందే. ఆ అతికించే పనే మౌంటు. పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్‌కు గుచ్చినంత మాత్రాన దానిలోని ఫైళ్ళు మనకు కనబడవు. గుచ్చితే కంప్యూటర్‌కు ఒక పరికరం వచ్చిందని మాత్రమే తెలుస్తుంది. ఆ పరికరంలో ఏ పద్ధతిలో ఫైళ్ళు అమర్చారో (ఆ అమరికనే ఫైల్ సిస్టమ్ అంటారు) చదివి, ఫలానా డైరెక్టరీ దగ్గర దాన్ని తెరిచిపెట్టినప్పుడే మనకు ఫోటోలు, పాటలు కనిపిస్తాయి. ఈ రోజుల్లో డెస్క్‌టాప్ ఆ పని మన ప్రమేయం లేకుండా చేసేస్తుంది కాబట్టి, గుచ్చడం వేరు, మౌంటు కావడం వేరు అనే సంగతి చాలామందికి తెలియదు.

ఈ ఆలోచన పాతదే. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ పని మొదలుపెట్టింది 1969లో. 1971 నవంబరులో వచ్చిన మొదటి మాన్యువల్లోనే మౌంట్ ఆదేశం ఉంది. వాళ్ళిద్దరూ 1974లో ప్రచురించిన వ్యాసం చదివితే ఈ అవసరం ఎందుకొచ్చిందో తెలుస్తుంది. అప్పట్లో వాళ్ళ యంత్రానికి రకరకాల డిస్కులు ఉండేవి. వేగంగా పనిచేసే చిన్న డిస్కు ఒకటి, దాని సామర్థ్యం ఒక మెగాబైటు. తీసి పెట్టుకోగలిగే కార్ట్రిడ్జిలు ఒక్కొక్కటి రెండున్నర మెగాబైట్లు. 40 మెగాబైట్ల పెద్ద డిస్కు ఇంకొకటి. రూట్‌ను ఆ చిన్న డిస్కులో ఉంచి, జనం ఫైళ్ళుండే పెద్ద డిస్కును యంత్రం లేచేటప్పుడు మౌంటు చేసేవారు. వాడేవాళ్ళకు మాత్రం ఏ ఫైలు ఏ డిస్కులో ఉందో పట్టించుకోవాల్సిన పని లేదు. మనం ఫోన్లో 256 జీబీ కార్డు వేసుకుంటున్నప్పుడు జరిగేదీ అదే ఏర్పాటు.

మౌంటు చేసే డైరెక్టరీని మౌంట్ పాయింట్ అంటారు. దీని దగ్గర ఒక చిక్కుంది, తెలియనివాళ్ళు దీనివల్ల బాగా ఇబ్బంది పడతారు. ఆ డైరెక్టరీలో ముందే కొన్ని ఫైళ్ళు ఉన్నాయనుకోండి. దాని మీద ఒక డిస్కు మౌంటు చేస్తే ఆ ఫైళ్ళు కనబడవు. గోడమీద రాసిన పేరుమీద క్యాలెండర్ తగిలించినట్టే, పేరు ఎక్కడికీ పోలేదు, క్యాలెండర్ తీస్తే మళ్ళీ కనిపిస్తుంది. ఇప్పుడు ఇదే సంగతి ఇంకో వైపు నుంచి చూడండి. ప్రతి రాత్రీ ఒక బయటి డిస్కుకు బ్యాకప్ తీసే ఏర్పాటు ఉంది. ఒకరోజు ఎవరో ఆ డిస్కు తీగ పీకేశారు, అందువల్ల అది మౌంటు కాలేదు. కానీ దాని మౌంట్ పాయింట్, అంటే ఖాళీ డైరెక్టరీ, అక్కడే ఉంది. బ్యాకప్ ప్రోగ్రామ్ ఏ అనుమానం లేకుండా ఆ ఖాళీ డైరెక్టరీలోకి రాసుకుంటూ పోతుంది. అంటే కంప్యూటర్ సొంత డిస్కులోకే. కొన్నాళ్ళకు రూట్ డిస్కు నిండిపోయి యంత్రం ఆగుతుంది. అప్పుడు ఎవరో తీగ మళ్ళీ గుచ్చుతారు, డిస్కు మౌంటు అవుతుంది, దానికింద పడి ఉన్న ఫైళ్ళు మాయం. స్థలం ఏది తింటోందో ఎంత వెతికినా దొరకదు. డిస్కును దించి చూస్తేనే తెలుస్తుంది. అందుకని బ్యాకప్ మొదలయ్యే ముందు "మౌంట్‌పాయింట్" అనే చిన్న ఆదేశంతో ఆ చోట నిజంగా ఏదైనా మౌంటు అయి ఉందా లేదా అని అడిగించడం మంచిది. ఏయే చోట ఏమేం ఎక్కి ఉన్నాయో మొత్తం చూడాలంటే "ఫైండ్‌ఎమ్ఎన్‌టీ" అని కొట్టండి. ఏ పరికరం, ఏ పద్ధతి, రాయొచ్చా లేదా అన్నీ వరుసగా చూపిస్తుంది.

సరే, ఎక్కించడం అయింది. ఇక దించడం, అంటే అన్‌మౌంట్. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే.

మనం ఒక ఫైలు కాపీ చేస్తే తెరమీద గీత చివరిదాకా వెళ్ళి మాయమవుతుంది. అయిపోయిందనుకుంటాం. నిజానికి చాలాసార్లు ఆ సమాచారం ఇంకా కంప్యూటర్ మెమొరీలోనే ఉంటుంది. పెన్‌డ్రైవ్‌కు రాయడం నెమ్మది, మెమొరీకి రాయడం వేగం. అందుకని ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నల్ మన సమాచారాన్ని ముందు మెమొరీలో దాచి, తర్వాత తీరిగ్గా డిస్కుకు పంపుతుంది. లినక్స్‌లో మామూలుగా ఉండే లెక్క ఇది: ఐదేసి సెకన్లకోసారి పంపే పని మేల్కొంటుంది, 30 సెకన్లు దాటిన సమాచారాన్ని డిస్కుకు తోలేస్తుంది. పెద్ద ఫైలైతే, కార్డు నాసిరకమైతే ఇంకా ఎక్కువసేపు పట్టొచ్చు. అన్‌మౌంట్ అన్నప్పుడు కెర్నల్ మిగిలిందంతా రాసి, అది పూర్తయ్యేదాకా మనల్ని ఆపుతుంది. "సురక్షితంగా తీసేయండి" అనే బొమ్మ నొక్కాక అంతసేపు తిరుగుతూ ఉండేది అందుకే.

ఇంకో పని కూడా జరుగుతుంది. రాయడానికి వీలుగా మౌంటు కాగానే ఫైల్ సిస్టమ్ తన మీద తాను ఒక చిన్న గుర్తు పెట్టుకుంటుంది: ప్రస్తుతం వాడుకలో ఉన్నాను, ఇంకా శుభ్రంగా మూయలేదు అని. దించేటప్పుడు ఆ గుర్తు చెరిపేస్తుంది. మనం చెప్పాపెట్టకుండా పీకేస్తే ఆ గుర్తు అట్లాగే మిగిలిపోతుంది. మళ్ళీ ఎక్కించినప్పుడు లినక్స్ ఆ గుర్తును చూసి హెచ్చరిస్తుంది.

మా ఆమడగూరు బస్టాండు దగ్గర ఒక ఫోన్ల దుకాణంలో ఇది కళ్ళారా చూశాను. ఒకావిడ చీరకొంగున ముడివేసి తెచ్చిన మెమొరీ కార్డు విప్పి బల్లమీద పెట్టింది.

"నాయనా, ఈ చిప్పులో మా పాప పెండ్లి ఫోటోలుండాయి. ఫోన్లో పెడితే ఏందో అడుగుతాంది, సూడు."

దుకాణంలోని అబ్బాయి ఫోన్లో వేసి చూశాడు. "ఫార్మాట్ చెయ్యమంటాంది పెద్దమ్మా. దీన్ని ఎవరన్నా కంప్యూటర్లో పెట్టినారా?"

వెంట వచ్చిన కొడుకు అందుకున్నాడు. "నేనేన్నా. పాటలు ఎక్కించుకున్యా. అయిపోయిందని సూపించింది, పీకేసినా."

ఆ అబ్బాయి ఫార్మాట్ నొక్కలేదు, అందుకు అతణ్ణి మెచ్చుకోవాలి. పక్కనున్న పాత కంప్యూటర్లో లినక్స్ ఉంది. కార్డును అందులో పెట్టి కెర్నల్ సందేశాలు చూస్తే సరిగ్గా పైన చెప్పిన హెచ్చరికే వచ్చింది: వాల్యూమ్ సరిగా అన్‌మౌంట్ కాలేదు, కొంత సమాచారం చెడి ఉండవచ్చు, తనిఖీ చేసి సరిచేసే ఎఫ్ఎస్‌సీకే నడపండి అని. అతను వెంటనే ఆ కార్డును దించి, కార్డు మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా కంప్యూటర్లోకి నకలు తీశాడు. మరమ్మతు ఆ నకలు మీద చేశాడు, కార్డు జోలికి పోలేదు. పెళ్ళి ఫోటోలు దాదాపు అన్నీ వచ్చాయి. చివర్లో రాస్తూ ఉండగా తెగిన పాటలు కొన్ని పాడయ్యాయి. ఆ వరస గుర్తుపెట్టుకోండి, మళ్ళీ మాట్లాడతాను.

ఇక్కడే ఇంకో సంగతి. పదేళ్ళకు పైబడ్డ ఆండ్రాయిడ్ ఫోన్లు వాడినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి "యూఎస్‌బీ స్టోరేజ్ ఆన్" అని నొక్కగానే ఫోన్లో పాటలు, ఫోటోలు మాయమయ్యేవి. తీగ తీస్తే మళ్ళీ వచ్చేవి. ఫోన్ చెడిపోయిందని భయపడినవాళ్ళున్నారు. ఒకే కార్డును ఫోనూ, కంప్యూటరూ రెండూ ఒకేసారి మౌంటు చేసుకుని ఎవరికి వారు రాసుకుంటూ పోతే, ఒకరు రాసింది ఇంకొకరికి తెలియక, ఒకరి లెక్కల మీద ఇంకొకరు రాసి అంతా గందరగోళం అవుతుంది. అందుకని ఫోన్ ముందు తన వైపు నుంచి కార్డును దించి, అప్పుడు కంప్యూటర్‌కు అప్పజెప్పేది. తర్వాత ఎంటీపీ అనే పద్ధతి వచ్చింది. ఇందులో కార్డు ఫోన్ దగ్గరే మౌంటు అయి ఉంటుంది, కంప్యూటర్ ఫైళ్ళను అడిగి తీసుకుంటుంది. కాబట్టి రెండుచోట్లా కనిపిస్తాయి.

దించమంటే ఒక్కోసారి కంప్యూటర్ ఒప్పుకోదు. "టార్గెట్ ఈజ్ బిజీ" అంటుంది. ఎవరో ఆ డిస్కులోని ఫైలు తెరిచి ఉంచారన్నమాట. చాలాసార్లు ఆ ఎవరో మనమే. టెర్మినల్‌లో ఆ డైరెక్టరీలోనే నిలబడి దాన్ని దించమంటాం. "ఎల్ఎస్ఓఎఫ్" గాని, "ఫ్యూజర్ హైఫన్ వీఎమ్" గాని కొట్టి ఆ చోటు పేరు ఇస్తే, ఏ ప్రోగ్రామ్ పట్టుకుని ఉందో పేరుతో సహా చెబుతుంది. ఆ ప్రోగ్రామ్‌ను మూసి మళ్ళీ దించితే సరిపోతుంది. "యూమౌంట్ హైఫన్ ఎల్" అని ఒక దగ్గరిదారి ఉంది. అది పేరును మాత్రం వెంటనే తీసేసి, అసలు దించడం తెరిచిన ఫైళ్ళన్నీ మూసుకున్నాక చేస్తుంది. అది కొట్టి, దిగిపోయిందనుకుని డిస్కు పీకేవాళ్ళు ఉన్నారు. అట్లా చేయకండి, లోపల రాత ఇంకా నడుస్తూ ఉండొచ్చు.

ఇక రీమౌంట్. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. యంత్రం ఎంత జాగ్రత్తగా ఉంటుందో ఇక్కడే తెలుస్తుంది.

రీమౌంట్ అంటే దించి మళ్ళీ ఎక్కించడం కాదు. ఎక్కి ఉన్నదాన్ని అట్లాగే ఉంచి దాని షరతులు మార్చడం. తెరిచిన ఫైళ్ళు తెరిచే ఉంటాయి. రాయొచ్చు అనేదాన్ని రాయకూడదు అని మార్చొచ్చు, లేదా తిరగేయొచ్చు. ఆదేశం ఇట్లా చదవాలి: మౌంట్, ఖాళీ, హైఫన్ ఓ, ఖాళీ, రీమౌంట్ కామా ఆర్‌డబ్ల్యూ, ఖాళీ, స్లాష్. ఆర్‌డబ్ల్యూ అంటే చదవడం, రాయడం రెండూ. ఆర్ఓ అంటే చదవడం మాత్రమే. స్లాష్ అంటే రూట్.

దీని అవసరం ఎక్కడొస్తుందంటే, రూట్ ఫైల్ సిస్టమ్‌ను దించలేం. కంప్యూటర్ నడుస్తున్నదే దానిమీద. మరి దానిలో తప్పుంటే ఎవరు, ఎట్లా సరిచేయాలి? సరిచేసే ఎఫ్ఎస్‌సీకే ప్రోగ్రామ్ కూడా ఆ రూట్‌లోనే ఉంది. రాతలు జరుగుతున్న ఫైల్ సిస్టమ్‌ను సరిచేయబోతే మరమ్మతే హాని చేస్తుంది. దీనికి యూనిక్స్ మనుషులు కనిపెట్టిన ఉపాయం: యంత్రం లేచేటప్పుడు రూట్‌ను ముందు చదవడానికి మాత్రమే ఎక్కించు. అప్పుడు ఎఫ్ఎస్‌సీకేను చదివి నడిపించొచ్చు, ఇంకెవరూ ఏమీ రాయరు కాబట్టి భద్రం. అంతా బాగుందని తేలాక రీమౌంట్ చేసి రాయడానికి తెరువు. చాలా లినక్స్ యంత్రాల్లో మీరు మీట నొక్కిన ప్రతిసారీ, మీకు తెలియకుండానే, ఈ తనిఖీ, ఈ రీమౌంట్ జరిగిపోతాయి. కాసేపట్లో జరిగిపోయే ఆ పనిలో ఎంత ఆలోచన ఉందో చూడండి.

లినక్స్ పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్ళకు ఈ సంగతి ఇంకో రకంగా ఎదురవుతుంది. యంత్రం లేచేటప్పుడు "ఇనిట్ ఈజ్ ఈక్వల్ టు స్లాష్ బిన్ స్లాష్ బ్యాష్" అని కెర్నల్‌కిచ్చే ఆదేశాల వరుసకు చేర్చి, నేరుగా ఆదేశాలు కొట్టే షెల్‌లోకి పోతారు. అక్కడ పాస్‌వర్డ్ మార్చబోతే "అథెంటికేషన్ టోకెన్" గురించి ఏదో తప్పు చూపిస్తుంది. ఇది పాస్‌వర్డ్ గొడవ కాదు. ఆ సమయానికి రూట్ ఇంకా రీడ్-ఓన్లీగానే ఉంది, రీమౌంట్ చేసే దశ రాలేదు, కొత్త పాస్‌వర్డ్ రాసుకోవడానికి చోటు లేదు. పైన చెప్పిన రీమౌంట్ ఆదేశం ఇచ్చి మారిస్తే మారుతుంది. ఇట్లాంటి చోట రీమౌంట్ చేయడం సరైన పనే. ఎందుకు రీడ్-ఓన్లీగా ఉందో మనకు తెలుసు, అందులో ఏ జబ్బూ లేదు.

జబ్బు ఉన్నప్పుడు సంగతి వేరు. బాగా నడుస్తున్న యంత్రం మధ్యలో హఠాత్తుగా రీడ్-ఓన్లీ అయిపోయిందంటే దాన్ని వేరే కంటితో చూడాలి. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ 2008 డిసెంబరులో వచ్చిన కెర్నల్‌తో స్థిరపడింది. దీనికి ముందే చెప్పి ఉంచొచ్చు, లోపల తప్పు కనబడితే ఏం చేయాలో: చూసీచూడనట్టు సాగిపోవాలా, యంత్రాన్ని మొత్తం ఆపేయాలా, లేక రాయడం ఆపేసి చదవడానికి మాత్రం ఉంచాలా అని. డెబియన్, ఉబుంటు వంటివాటిలో మామూలుగా రూట్ కోసం మూడోది రాసి ఉంటుంది. ఎక్స్‌టీ4 జరగబోయే రాతలను ముందుగా జర్నల్ అనే చిట్టాలో రాసుకుంటుంది. కెర్నల్ సందేశాల్లో "జర్నల్‌ను ఆపేస్తున్నాను", దాని కింద "ఫైల్ సిస్టమ్‌ను రీడ్-ఓన్లీగా రీమౌంట్ చేస్తున్నాను" అనే రెండు వరుసలు కనబడితే, డిస్కు చెప్పినదానికీ ఫైల్ సిస్టమ్ లెక్కకూ ఎక్కడో పొంతన కుదరలేదని అర్థం. డిస్కు చావుబతుకుల్లో ఉండొచ్చు. తీగ వదులై ఉండొచ్చు. మెమొరీ చిప్ చెడి ఉండొచ్చు. ఈ పరిస్థితిలో ఇంకా రాస్తే తప్పు లెక్కల మీద కొత్త లెక్కలు పడతాయి, బాగున్న ఫైళ్ళు కూడా చెడతాయి. అందుకే యంత్రం తనంతట తాను కలం కింద పెట్టేసింది.

అప్పుడు మనవాళ్ళు రీమౌంట్ ఆర్‌డబ్ల్యూ కొడతారు. జర్నల్ ఆగిపోయిన ఎక్స్‌టీ4 దానికి ఒప్పుకోదు, తిప్పికొడుతుంది. ఇంకో సందర్భంలో, చెరిపేయగా సగంలో మిగిలిన ఫైళ్ళ జాబితా ఉన్నప్పుడు, దించి మళ్ళీ ఎక్కించమని కెర్నల్ సందేశంలోనే చెబుతుంది. ఈ తిరస్కారాలు రాసినవాళ్ళు మన ఫైళ్ళ గురించి మనకంటే ఎక్కువ ఆలోచించారు. వాళ్ళ మాట వినాలి.

హిందూపురం పిల్లల ల్యాప్‌టాప్ గొడవ ఇంకో రకం. విండోస్ వైపున్న డి డ్రైవ్ ఉబుంటులో రీడ్-ఓన్లీగా వస్తుంది, లేదా అసలు రాదు. విండోస్ 8 నుంచి "ఫాస్ట్ స్టార్టప్" అని ఒకటి పెట్టారు. షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, కెర్నల్ స్థితిని డిస్కులో భద్రపరచి నిద్రపోతుంది. ఆ డ్రైవ్ గురించిన లెక్కలు ఇంకా దాని దగ్గరే ఉంటాయి. ఉబుంటు వెళ్ళి అందులో రాసేస్తే, విండోస్ నిద్ర లేచి తన పాత లెక్క ప్రకారం మళ్ళీ రాసేస్తుంది. రెండూ కలిసి డ్రైవ్‌ను పాడుచేస్తాయి. ఫోన్, కంప్యూటర్ ఒకే కార్డు పట్టుకున్నప్పుడు వచ్చే ప్రమాదమే ఇది కూడా. ఇంటర్నెట్లో దొరికే బలవంతపు ఆదేశాలు వాడి ఆ డ్రైవ్‌ను తెరవకండి. విండోస్‌లోకి వెళ్ళి షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ చేయండి, లేదా ఫాస్ట్ స్టార్టప్ శాశ్వతంగా తీసేయండి. అప్పుడు ఉబుంటులో ఆ డ్రైవ్ మామూలుగా రాసుకునేలా వస్తుంది.

మెమొరీ కార్డులు, పెన్‌డ్రైవ్‌ల దగ్గర ఇంకొక రకం రీడ్-ఓన్లీ ఉంది. రాసి రాసి ఆయుష్షు తీరిన కార్డు లోపలి చిప్ కొన్నిసార్లు తనే రాతకు శాశ్వతంగా తాళం వేసేసుకుంటుంది. ఫార్మాట్ కాదు, చెరపడం కాదు, ఏ రీమౌంట్‌కూ లొంగదు. ఒకవేళ అడాప్టర్‌లో పెట్టి ఉంటే ముందు పక్కనున్న చిన్న తాళం మీట చూడండి, అది కిందికి జారి ఉన్నా ఇదే జరుగుతుంది. మీట బాగుంటే, ఆ కార్డు పని అయిపోయిందని తెలుసుకుని, చదవనిస్తున్నంత కాలంలోనే ఫైళ్ళు బయటికి తీసుకోండి.

మన ఆండ్రాయిడ్ ఫోన్లో మాత్రం రీడ్-ఓన్లీ ఎప్పుడూ ఉండే కాపలా. ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే భాగం ఎప్పుడూ చదవడానికి మాత్రమే మౌంటు అయి ఉంటుంది. మన ఫోటోలు, యాప్‌ల సమాచారం వేరే భాగంలో ఉంటాయి, రాతలన్నీ అక్కడే. బ్యాటరీ ఠక్కున పోయినా సిస్టమ్ చెడకుండా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. ఒకప్పుడు ఫోన్లను రూట్ చేసి, అంటే పూర్తి అధికారం సంపాదించి, ఆ భాగాన్ని రీమౌంట్ చేసి, లోపల మార్పులు చేయడం కుర్రవాళ్ళకు సరదాగా ఉండేది. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 నుంచి ఆ భాగంలో ఒక్క ముక్క మారినా కనిపెట్టే తనిఖీ చేర్చారు. 2016లో 7.0 వచ్చాక దాన్ని కఠినం చేశారు, మార్పు కనబడితే ఫోన్ లేవకుండా పోవచ్చు. మా ఊళ్ళో ఎవరైనా ఫోన్‌ను అట్లా మార్చి ఇస్తామంటే, ఆ కాపలా పోయే ఫోన్లో బ్యాంకు యాప్ ఉందేమో ముందు ఆలోచించుకోండి.

ఇప్పుడు ఫోటోలు కాపాడే వరస. కార్డు గాని, డిస్కు గాని అనుమానంగా ఉంటే మొదట దాన్ని రాయడానికి ఎక్కించకండి. మౌంట్ హైఫన్ ఓ ఆర్ఓ అంటే చాలనుకుంటాం, కానీ ఎక్స్‌టీ4లో ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. రీడ్-ఓన్లీగా ఎక్కించినా, కరెంటు పోయి ఆగిన డిస్కైతే అది జర్నల్‌లో మిగిలిన రాతలు ముందు పూర్తిచేసుకుంటుంది, అంటే డిస్కుకు రాస్తుంది. అది కూడా వద్దనుకుంటే ఆర్ఓ కామా నోలోడ్ అనాలి. అంతకంటే మంచిది, మౌంటే చేయకుండా మొత్తం పరికరాన్ని నకలు తీయడం. డిస్కు బాగుంటే డీడీ అనే ఆదేశం చాలు. చదవడానికి మొరాయిస్తుంటే జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడండి. అది బాగున్న చోట్లను ముందు చదివేసి, మొండి చోట్లకు తర్వాత వస్తుంది, ఎంతవరకు చదివిందో ఒక పటం రాసుకుంటుంది, మధ్యలో ఆపి మళ్ళీ కొనసాగించొచ్చు. నకలు చేతికొచ్చాక ఎఫ్ఎస్‌సీకే ఆ నకలు మీద నడపండి. ఎఫ్ఎస్‌సీకే లక్ష్యం ఫైల్ సిస్టమ్‌లో పొంతన కుదర్చడం. మీ ఫోటోను కాపాడటం దాని పని కాదు. పొంతన కోసం అది ఫైలును ముక్కలు కత్తిరించగలదు. అసలు కార్డు చెక్కుచెదరకుండా ఉంటే ఇంకో మనిషి, ఇంకో పద్ధతి ప్రయత్నించడానికి వీలుంటుంది.

ఈ పనికి పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైవ్ లినక్స్ ఏదైనా పనికొస్తుంది. తెలుగువాళ్ళ కోసం స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు మెనూలతో ఒక లినక్స్ తయారుచేసింది. ఇంగ్లీషు మెనూలంటే జంకేవాళ్ళు అట్లాంటి వాటితో మొదలుపెట్టొచ్చు. లైవ్ పద్ధతిలో సిస్టమ్ అంతా రీడ్-ఓన్లీగా ఉండి, మన మార్పులు మాత్రం మెమొరీలో పైపొరగా నిలుస్తాయి, ఆపేయగానే పోతాయి. కాబట్టి నేర్చుకునేవాళ్ళు దానిమీద ఏ ఆదేశం కొట్టి చూసినా ఆ లైవ్ సిస్టమ్‌కు ఏమీ కాదు. కాకపోతే లోపలి డిస్కును మౌంటు చేశారంటే అది నిజమైన డిస్కే, మరిచిపోవద్దు.

ఉబుంటు తెర బిగుసుకుపోయి, మౌసూ కదలక, ఏం నొక్కినా పలకకపోతే మన చెయ్యి వెంటనే పవర్ బటన్ మీదికి పోతుంది. ఒక్క నిమిషం ఆగండి. ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ మీటలు కలిపి పట్టుకుని ఎస్, తర్వాత యూ, తర్వాత బీ ఒక్కొక్కటిగా, మధ్యలో కాసేపు ఆగుతూ నొక్కండి. ఎస్ మెమొరీలో మిగిలిన రాతల్ని డిస్కుకు పంపుతుంది. యూ ఎక్కి ఉన్న అన్ని ఫైల్ సిస్టమ్‌లనూ రీడ్-ఓన్లీగా రీమౌంట్ చేస్తుంది. బీ యంత్రాన్ని తిరిగి లేపుతుంది. ఉబుంటులో మామూలుగా ఈ మూడింటికీ అనుమతి ఉంటుంది. తీగ పీకడానికీ దీనికీ ఉన్న తేడా మీ ఫైళ్ళకు తెలుస్తుంది.

చివరగా, స్కూళ్ళలో, సచివాలయాల్లో, చిన్న ఆఫీసుల్లో లినక్స్ యంత్రాలు చూసుకునేవాళ్ళకు ఒక మాట. శాశ్వతంగా ఎక్కాల్సిన డిస్కుల పట్టిక స్లాష్ ఈటీసీ స్లాష్ ఎఫ్ఎస్‌ట్యాబ్ అనే ఫైల్లో ఉంటుంది. అందులో డిస్కు పేరు ఎస్‌డీబీ అని రాయకండి, ఇంకో పెన్‌డ్రైవ్ గుచ్చి ఉన్నరోజు ఆ అక్షరం మారిపోవచ్చు. బ్లాక్ఐడీ అని కొడితే వచ్చే యూయూఐడీ అనే గుర్తింపు రాయండి, అది ఆ ఫైల్ సిస్టమ్‌తోనే ఉంటుంది. బయటి బ్యాకప్ డిస్కు వరుసలో "నోఫెయిల్" చేర్చండి. లేకపోతే ఆ డిస్కు లేనిరోజు యంత్రం దానికోసం తొంభై సెకన్లు ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్ అనే నల్లటి తెర దగ్గర ఆగిపోతుంది. బడి తెరిచే వేళకు అట్లా ఆగితే పిల్లలందరూ చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. అట్లా ఆగినచోట రూట్ పాస్‌వర్డ్‌తో లోపలికి పోయి, రాయనివ్వకపోతే రీమౌంట్ ఆర్‌డబ్ల్యూ చేసి ఆ వరుస సరిదిద్దండి. ఇక ఎఫ్ఎస్‌ట్యాబ్ ఎప్పుడు మార్చినా రీస్టార్ట్ చేయకముందే "మౌంట్ హైఫన్ ఏ" కొట్టి చూడండి. పట్టికలో ఉండి ఇంకా ఎక్కనివాటన్నిటినీ అది అప్పటికప్పుడు ఎక్కించబోతుంది, వరుసలో తప్పుంటే అక్కడే చెబుతుంది. యంత్రం మీ ఎదుట నడుస్తున్నప్పుడే సరిదిద్దుకోవచ్చు.